సీసా ఊపని వాడకట్టు

సిరిసిల్లలో ఒక నేతవాళ్ల వాడకట్టులో మందు సీసాను ఎవరూ ఊపరు. ఇది బద్ధకం కాదు, నిర్లక్ష్యం అంతకన్నా కాదు. ఇది ఆ వాడకట్టు గౌరవానికి సంబంధించిన విషయం. సీసా మీద ‘వాడే ముందు బాగా ఊపవలెను’ అని అచ్చువేసే కంపెనీలకు, తమంతట తాము ఊగే ఇళ్లు ఈ దేశంలో ఉన్నాయని తెలియదు. తెలియక చేసిన తప్పు గనుక వాడకట్టు పెద్దలు ఆ కంపెనీలను క్షమించారు.

అలా ఊగే ఇళ్లలో చంద్రయ్య ఇల్లు మేటి. ముందు రెండు గదులు, వెనక రేకుల షెడ్డు, షెడ్డులో నాలుగు సాంచాలు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచ అంటారు. కరెంటు రాగానే నాలుగూ ఒక్కసారి అందుకుంటే వంటింట్లో పాలగిన్నె మొదలు గోడ మీద పెళ్లి ఫోటో వరకు అన్నీ వణుకుతాయి. టీవీలో వార్తలు చదివే అమ్మాయి కూడా చలిజ్వరం వచ్చినదానిలా కనిపిస్తుంది. జగిత్యాల నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో సంధ్యకు ఆ చప్పుడుకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు కరెంటు పోయి చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచి కూర్చుంటుంది.

మందు సీసాలుండే చెక్క అల్మారా షెడ్డు గోడకు ఆనుకుని ఉంది. పొద్దున ఎడమ మూలన పెట్టిన సీసా సాయంత్రానికి కుడి మూలకు నడిచి వెళ్లేది. కింద పడకుండా చంద్రయ్య అంచున ఒక చెక్కపేడు అడ్డం కొట్టాడు. ఇంత కష్టపడి నడిచిన సీసాను మళ్లీ చేత్తో ఊపడమంటే, చెమటోడ్చి పనిచేసేవాణ్ణి పట్టుకుని పనిచెయ్యమని గద్దించినట్టే ఉంటుందని ఆయన అభిప్రాయం.

అందులో అన్నిటికన్నా ముఖ్యమైన సీసా పూజది. పూజ ఆయన మనవరాలు, రెండో తరగతి చదువుతోంది. పిల్లకు ఫిట్స్ వస్తాయి. సంధ్య తల్లిగారి ఊరు జగిత్యాలలో పిల్లల డాక్టరు మానస రాసిన తెల్లని మందు పూటకో చెంచా వేస్తారు. పూట తప్పలేదు, చెంచా తప్పలేదు. అయినా కొత్త సీసా తెరిచిన రోజుల్లో పిల్ల పడిపోయేది. సీసా అడుగంటే రోజుల్లో పడిపోయేది కాదు గానీ, గోడ పట్టుకుని తూలుతూ నడిచేది. బళ్లో బల్ల మీద తలపెట్టి నిద్రపోయేది. సీసా మొదట్లో ఫిట్స్, చివర్లో మత్తు.

దీనికి వాడకట్టు కారణాలు వెతికింది. అమావాస్య ప్రభావమన్నారు. సీసాలు అమావాస్య చూసుకుని ఖాళీ కాకపోవడంతో ఆ వాదం నిలబడలేదు. బళ్లో పెట్టే గుడ్డు పడటం లేదన్నారు. గుడ్డు మాన్పించారు. సంధ్య తల్లిగారింటి వైపు దిష్టి అన్నారు. దిష్టి తీయించారు. చంద్రయ్య ప్రతి మాటా ఓపిగ్గా విన్నాడు. లోకంలో ఉన్న ప్రతిదాన్నీ అనుమానించాడు, తన సాంచాలను తప్ప.

ఊగే ఇళ్ల సౌకర్యం కోరుట్లలో లేదు. అక్కడ పసుపు ఉంది, వరి ఉంది, బీడీలు చుట్టే చేతులున్నాయి, ఊగే గోడలు మాత్రం లేవు. ఆ లోటు మొదట గుర్తించినది చంద్రయ్య చెల్లెలు కళావతి. ఆమెకు కడుపులో మంట. గులాబీ రంగు గ్యాస్ మందు వాడుతుంది. ఒకసారి అన్నను చూడటానికి వచ్చి, ఆ సీసాను అల్మారాలో పెట్టి వారం ఉండి, తిరిగి తీసుకెళ్లింది. నెల తిరక్కుండా మూడు సీసాలతో బస్సు దిగింది.

“అన్నా, నీ ఇంట్ల ఊగిన మందు తాగితే పైన సల్లగ సోడ తాగినట్టున్నది. కిందికస్తె పెరుగు లెక్క గడ్డగట్టింది, చెంచతోని గీక్కొని తిన్న. ఒక్క సీసల రెండు మందులు. గిది మా కోరుట్లల యాడ దొరుకుతది?”

“సాంచ మహిమ,” అన్నాడు చంద్రయ్య వినయంగా.

కళావతి సంగతి కోరుట్లలో ఆమె వాడకట్టుకు, అక్కడి నుంచి జగిత్యాలకు పాకింది. సంచుల్లో సీసాలు రావడం మొదలైంది. వేములవాడ దర్శనానికి వచ్చిన యాత్రికులు కూడా తిరుగు ప్రయాణంలో దారి మళ్లించుకుని, బలం టానిక్కును ఒక పూట ఊగించుకుని పోసాగారు. ప్రజలు ఒకచోట గుమిగూడుతున్నారంటే అక్కడ ప్రజాసేవ అవసరమని రాజేశ్‌కు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన ఆ వాడకట్టు నాయకుడు. మున్సిపల్ ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. తెల్లచొక్కాతో వచ్చి షెడ్డు చూశాడు, సీసాలు చూశాడు, కళ్లు మూసుకుని భవిష్యత్తు చూశాడు. వారంలోపు ‘మందు ఊపుడు సేవా కేంద్రం’ వెలిసింది. చంద్రయ్యకు గౌరవ వ్యవస్థాపకుడన్న హోదా, ఒక శాలువా లభించాయి. షెడ్డు మాత్రం ఆయనదే, కరెంటు బిల్లు కూడా.

కేంద్రం శాస్త్రీయంగా నడిచింది. బడిపిల్లల యూనిఫాం బట్ట నేసే సాంచ మీద పిల్లల సిరప్పులు పెట్టారు. చీరల బట్ట నేసే సాంచ మీద ఆడవాళ్ల టానిక్కులు. మూడోది పెద్దమనుషుల కోసం. అక్కడ మామూలు మనిషి దగ్గు మందు పెడితే పక్కకు జరిపేవారు. నాలుగోదాని మీద మిగిలిన లోకమంతా.

చక్కెర పాకంలా పూర్తిగా కరిగిపోయిన మందులకు ఊపే అవసరమే లేదని ఒకాయన సందేహం వెలిబుచ్చాడు. కరిగినవాటిని మినహాయిస్తే వాటి యజమానుల మనసు నొచ్చుకుంటుందని, కేంద్రానికి అన్ని మందులూ సమానమేనని రాజేశ్ ప్రకటించాడు. చేపనూనె, నీళ్లు కలిపి చిలికిన బలం మందు ఒకటి రేకుల ఎండకు విరిగి, నూనె పైన, నీళ్లు కింద తేలింది. ఏది ఎంతుందో ఇక దాపరికం లేదని, పారదర్శకత అంటే ఇదేనని ప్రశంసించారు. గజ్జి మలాం ట్యూబు మూత తీస్తే ముందు నూనె కారి, తర్వాత ఇసుకలాంటిది వచ్చింది. మలాంలోని సారం వేరుపడిందని సంతోషించారు. నీళ్లు కలిపాక వారంలో వాడి పారేయాల్సిన పిల్లల యాంటీబయాటిక్ సీసాను మెట్‌పల్లి నుంచి ఒకావిడ తెచ్చింది. అది కలిపి రెండు పండుగలు దాటాయి. బెల్లం రంగుకు తిరిగింది. దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, మందు పండిందన్నారు. ఇక సీసాల మీది ఆఖరు తేదీ గురించి రాజేశ్ సిద్ధాంతం స్పష్టంగా ఉంది. నిరంతరం కదలికలో ఉన్నదానికి వయసు పెరగదు.

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. రాజేశ్ మైకు అందుకున్నాడు.

“అక్కలారా, అన్నలారా. లోకంల మనిషి మందును ఊపుతడు. సిరిసిల్లల మందు తనంతట తనే ఊగుతది. జగిత్యాలల పెద్దపెద్ద దవాఖానలున్నయి, నేను కాదంటలేను. గని ఊగే గోడ ఒక్కటన్న ఉన్నదా? మన తాతలు సాంచ తెచ్చింది ఒక్క బట్ట కోసమే అనుకున్నం. కాదు. ఆరోగ్యం కోసం తెచ్చిన్రు. వాళ్లకు గూడ ఈ సంగతి తెల్వది.”

చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథికి పూలగుత్తి అందించడానికి పూజను నిలబెట్టారు. సంధ్య కొత్త గౌను తొడిగి, రెండు జడలు వేసి తెచ్చింది. రెండు రోజుల క్రితమే కొత్త సీసా తెరిచారు. పిల్ల వేదిక మెట్టెక్కింది. పూలగుత్తి చేతిలోంచి జారింది. తర్వాత పిల్ల జారింది.

ఎవరో పిల్ల గుప్పిట్లో తాళంచెవుల గుత్తి పెట్టారు. ఎవరో ఉల్లిగడ్డ కోసుకొచ్చారు. సంధ్య ఎవరి మాటా వినకుండా బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోటి నురగ కొంగుతో తుడుస్తూ కూర్చుంది. “పాప ఎండకు సొమ్మసిల్లింది, ఎవరు ఆందోళన పడొద్దు, కార్యక్రమం కొనసాగుతది,” అని రాజేశ్ మైకులో చెప్పాడు. బ్యాండు మేళంవాళ్లు మాత్రం ఎవరూ చెప్పకుండానే వాయిద్యాలు కింద పెట్టి, పిల్ల మీద ఎండ పడకుండా అడ్డంగా నిలబడ్డారు. చంద్రయ్య చాలాకాలం వరకు ఆ మనుషుల ముఖాలను తలుచుకున్నాడు.

మర్నాడే పూజను తీసుకుని చంద్రయ్య, సంధ్య జగిత్యాల బస్సెక్కారు. డాక్టరు మానస తిట్టే డాక్టరు కాదు. ఆ కుటుంబానికి దక్కిన కొద్ది అదృష్టాల్లో అదొకటి. పూజను చూసి, ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగింది.

“సీస తెచ్చిన్రా? ఏసే ముందు ఊపుతున్నరా?”

ఈ ప్రశ్న కోసమే ఇన్నాళ్లూ ఎదురుచూసినవాడిలా చంద్రయ్య కుర్చీలో ముందుకు జరిగాడు.

“ఊపుడేంది మేడం. మా ఇల్లే ఊగుతది. నాలుగు సాంచలు. మీరు సీసను ఒక్క గడియ ఊపుతరేమో, మా తాన పొద్దుందాక ఊగుతది.”

మానస సీసాను వెలుతురుకు ఎత్తి పట్టింది. పైన పల్చటి నీళ్లు అటూ ఇటూ పారాయి. అడుగున సున్నపుగడ్డలా తెల్లని ముద్ద. అది కదల్లేదు. సీసాను తలకిందులు చేసింది. బదిలీ ఉత్తర్వులు వచ్చినా కుర్చీ వదలని అధికారిలా ముద్ద అక్కడే ఉంది.

“మందంత గీడ ఉన్నది తాతా. కొత్త సీస తెరిచినప్పుడు పిల్లకు పోతున్నయి పైనీళ్లు.”

“మరి సీస ఒడిసేటప్పుడు మత్తుగ ఉంటది మేడం, తూల్తది,” అంది సంధ్య.

“అప్పుడు ముద్ద గీకి ఏస్తున్నరు గదా. నెలంత పోవాల్సిన మందు నాలుగొద్దులల్ల పోతది. తూలదా మరి.”

“అంత ఊగినా గూడనా?” చంద్రయ్య గొంతు తగ్గింది.

“గీ మందు చక్కెర లెక్క కరగది గాదు. సన్న పొడి నీళ్లల్ల తేలుతుంటది. నిలబెడితె దిగుతది. చేత్తోని పైకి కిందికి గట్టిగ ఊపితె మళ్ల లేస్తది. మీ ఇంట్ల సన్నగ అదురుతుంటె లేవది, ఇంకింత దిగుతది.”

సంధ్య కాసేపు సీసా వంకే చూసింది. “డబ్బల కారం పోసి గచ్చు మీద టక్కటక్క కొట్టినట్టా మేడం? ఇంకింత పట్టాలని కొడ్తం గదా.”

“గంతే బిడ్డా. గట్లనే.”

సాంచ ఇన్నాళ్లూ మందును ఊపుతోందనుకున్నాడు చంద్రయ్య. కొడుతోంది. ఆయన షెడ్డులో, ఆయన కట్టిన బిల్లు మీద, ఆయన మనవరాలి మందును పొద్దంతా అడుక్కి దిగ్గొడుతోంది. మానస కొత్త సీసా రాసింది. రేకుల దగ్గర వేడికి పెట్టొద్దని, చల్లగా ఉన్నచోట పెట్టి ప్రతి పూటా ఊపి వెయ్యమని చెప్పింది. తిట్టలేదు. తిరుగు బస్సులో పూజ తాత ఒళ్లో నిద్రపోయింది. ఆయన కుడిచెయ్యి మాత్రం, లేని సీసాను ఊపుతున్నట్టు, దారి పొడవునా కదులుతూనే ఉంది.

ఆ ఆదివారం కేంద్రం సభ్యుల సమావేశంలో చంద్రయ్య లేచి నిలబడ్డాడు. పదిమందిలో మాట్లాడే అలవాటు లేదు. ముక్కలు ముక్కలుగా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. సాంచ మీద ఊగిన మందు అడుగున గడ్డకడుతోంది. పిల్లలకు నీళ్లు పోస్తున్నాం. సీసాలు ఎవరివి వాళ్లకు ఇచ్చేసి, చేత్తో ఊపుకోమని చెబుదాం.

రాజేశ్ ప్రేమగా నవ్వాడు.

“కాకా, ఒక్కటి అడుగుత. ఆ డాక్టరమ్మ ఎన్నడన్న సాంచ నడిపిందా?”

“లేదు.”

“నాడెల దారం ఎక్కియ్య వస్తదా ఆమెకు?”

“రాదు.”

“మరి సాంచ సంగతి ఆమెకెట్ల తెలుస్తది? నువ్వు బుట్టినకాడికెల్లి సాంచల మధ్యల ఉన్నోనివి. జగిత్యాలోళ్లకు మన పేరంటె కడుపుమంట.”

“కడుపుమంట మందే గడ్డగడుతున్నది,” అన్నారు వెనక నుంచి ఎవరో. కొందరు నవ్వారు.

చంద్రయ్య నవ్వలేదు. “పిల్ల పడుతున్నది రాజేశ్. మీ అందరి ముంగటనే పడ్డది.”

ఇందాక నవ్వినవాళ్లు తలలు దించుకున్నారు. ఆ తర్వాత తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించబడింది. అడుగున పేరుకొనుట అనునది సీసాల తయారీలోని లోపమని, సాంచాలకు దానితో ఎట్టి సంబంధము లేదని, నమ్మకము చాలనివారు తమ ఇండ్లలో తమ స్వంత బాధ్యతపై చేతితో ఊపుకొనుటకు కేంద్రమునకు అభ్యంతరము లేదని అందులో ఉంది. గౌరవ వ్యవస్థాపకుడికి మరో శాలువా కప్పారు.

నమ్మకం చాలని ఆ ఇంట్లో అల్మారా షెడ్డు గోడ నుంచి వంటింటి నీడకు మారింది. పూటపూటా సంధ్య సీసాను చేత్తో పట్టి, తెల్లనిది తెల్లగా లేచేదాకా ఊపి, చెంచాలో పోసేది. ఒక్కోసారి పూజే “అమ్మా, నేను ఊపుత,” అని లాక్కుని, జడలు ఎగిరేలా ఊపేది. ఆ సీసా మొదట్లో పిల్ల పడలేదు. చివర్లో తూలలేదు. తర్వాతి సీసా కూడా అలాగే గడిచింది. బళ్లో గుడ్డు మళ్లీ తింది. ఒకరోజు సంధ్య, పిల్లను స్నానాల గదిలో ఒక్కదాన్నే స్నానం చెయ్యనిచ్చి, తలుపు బయట నిలబడి ఆమె పాడే పాట వింది. పాటలో సగం మాటలు తప్పు. ఆ రోజు చంద్రయ్య సాంచాలు కాసేపు ఆపి మరీ ఆ పాట విన్నాడు.

పూజ బాగుపడిందన్న వార్త వాడకట్టంతా సంతోషంగా పాకింది. మూడో రోజు బస్టాండు ఎదుట పెద్ద ఫ్లెక్సీ లేచింది. రెండు జడలతో నవ్వుతున్న పూజ. పక్కన అంతకు రెండింతల రాజేశ్. మధ్యలో పెద్ద అక్షరాలు: ‘మన సాంచ ఊపిన మందు, మన బిడ్డకు ఆరోగ్యం.’

చంద్రయ్య అక్కడి నుంచి నేరుగా రాజేశ్ ఇంటికి నడిచాడు.

“ఫోటో తీసెయ్యి.”

“ఎందుకు కాకా? పిల్ల బాగైందా లేదా?”

“అయింది.”

“మీ ఇంట్ల సాంచలున్నయా లేవా?”

“ఉన్నయి. గని సంధ్య చేత్తోని ఊపుతది. అల్మార గూడ జరిపినం.”

“గది మీ ఇంటి లోపటి సంగతి కాకా. ఇంట్ల సంగతులు బజార్ల పెడ్తమా?” అని రాజేశ్ ఆయనకు చాయ్ పోయించాడు.

ఫ్లెక్సీ చూసి జనం రెట్టింపయ్యారు. ఇప్పుడు వచ్చేవాళ్లలో ఫిట్స్ ఉన్న పిల్లల తల్లులే ఎక్కువ. అది చూసి చంద్రయ్య ఉండబట్టలేకపోయాడు. షెడ్డు గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వచ్చినవారి చేతుల్లోంచి, సాంచ దాకా పోకముందే, సీసా తీసుకుని, తానే గట్టిగా ఊపి, వెలుతురుకు పెట్టి చూపించి, తిరిగి చేతిలో పెట్టేవాడు.

మొదటి రోజు మల్లాపూర్ నుంచి రూతమ్మ అనే కూలీమనిషి మనవడి సీసాతో వచ్చింది. అడుగున ఉన్న తెల్లటిది పైకి లేచి సీసా అంతా పాలలా అయ్యేసరికి కళ్లింత చేసింది.

“గిది నేను గూడ ఊపచ్చునా తాతా?”

“నువ్వే ఊపాలె. ఏసినప్పుడల్ల ఊపాలె. ఊకె ఈడిదాక రాకు, బస్సు కిరాయి దండుగ.”

“మరి గీ సంగతి ఎవ్వలు చెప్పరేంది?” అంటూ ఆమె అక్కడే నిలబడి రెండుసార్లు ఊపి చూసుకుని, నవ్వుతూ వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. తిరిగి రానివారిని కేంద్రం నమ్మకం కోల్పోయినవారి కింద జమకడుతుంది. ఆమెను కూడా అందులోనే వేశారు.

మిగిలినవాళ్లంతా తిరిగి వచ్చారు. చంద్రయ్య చెప్పే మాట తల ఊపుతూ శ్రద్ధగా విన్నారు. అంత శ్రద్ధగా తలలు ఊపినవారు సీసాలు ఊపరని ఆయనకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. కోరుట్ల నుంచి వచ్చిన ఒకామె వేళ్లు చాపి చూపించింది.

“బీడీలు చుట్టే చేతులు తాతా మాయి. నీ చేతిల ఉన్న గుణం గీటిల యాడికెల్లి అస్తది?”

“చేతిల గుణమేం లేదవ్వా. ఊపుట్ల ఉన్నది.”

“పెద్దోళ్లు గట్లనే అంటరు,” అని ఆమె ఆయన చెయ్యి కళ్లకద్దుకుంది.

సొంత చెల్లెలు కళావతి కూడా ఇంట్లో ఊపనంది. “నువ్వు ఊపినంక మళ్ల నేను ఊపుడంటె, నీ ఊపుడు సాలదన్నట్టు గాదా అన్నా? నలుగురు ఏమనుకుంటరు?”

రాజేశ్ కాలంతో పాటు నడిచే మనిషి. ఫ్లెక్సీ మీద సాంచ బొమ్మ తీసి చంద్రయ్య అరచెయ్యి బొమ్మ వేయించాడు. సాంచాలకు విశ్రాంతి దొరికింది, చంద్రయ్య భుజానికి దొరకలేదు. నొప్పికి ఎవరో మలాం తెచ్చి ఇచ్చారు. మూత తీస్తే ముందు నూనె కారింది.

ఆయన పొద్దున్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఊపుతూ, ప్రతివారికీ ఇంట్లో ఊపుకోమని చెబుతూనే ఉన్నాడు. ఎవరి ఇంట్లోనైనా ఒక పిల్ల పడిపోకుండా ఉంటే చాలునని ఆయన ఆశ. ఇది చదివినవారిలో చాలామందికి విషయం బోధపడి ఉంటుంది. అయినా మంచి చెయ్యి ఉందంటే ఒకసారి చూపించుకుంటే పోయేదేముంది అని చిరునామా కోసం పేజీ తిరగేస్తున్నవారూ ఉంటారు. సిరిసిల్ల బస్టాండులో దిగి ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. ఆదివారం రద్దీ ఎక్కువ. ఆయన ఊపి ఇచ్చిన సీసాను ఇంటికి చేరేదాకా మాత్రం రెండు చేతులతో, కదలకుండా పట్టుకుని వెళ్లండి.